ఉప్పునీటి అక్వేరియంలో పాతిక చేపలు ఒకేసారి వేయొచ్చా?

ప్రశ్న: పదేళ్లుగా చెరువుల్లో మంచినీటి చేపలు పెంచుతున్నాను. ఇప్పుడు ఇంట్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గాజు తొట్టి కట్టించి సముద్రపు రంగు చేపలు పెంచాలని ఉంది. క్లౌన్ ఫిష్, బ్లూ టాంగ్, ఎల్లో టాంగ్, లయన్ ఫిష్, మాండరిన్ కలిపి పాతిక దాకా అనుకుంటున్నాను. నీళ్లలో ఉప్పు కలిపి, చెరువులో సీడ్ (చేపపిల్లలు) వదిలినట్లు అన్నీ ఒకేసారి వేయొచ్చా? ఏ పని ముందు చేయాలి?

జవాబు: నీళ్లను చూసి చేపల ఆరోగ్యం చెప్పగల అలవాటు మీకు ఎలాగూ ఉంది. కొత్తగా మొదలుపెట్టే చాలామందికి లేనిది అదే. అయితే చెరువు దగ్గర అలవాటైన ఒక పద్ధతిని మాత్రం పక్కన పెట్టాలి. నీళ్లు సిద్ధం కాగానే సీడ్ మొత్తం ఒకేరోజు వదిలేయడం ఇక్కడ కుదరదు. మొదట రెండు చేపలు వేయండి. ఆ తర్వాత నెలకు ఒకటో రెండో. అలా ఎనిమిది, పది అయితే ఆ తొట్టికి అదే నిండుదనం.

కారణం అమ్మోనియా. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా వస్తుందని, అందులో విషపూరితమైన భాగం పీహెచ్‌తో పాటు పెరుగుతుందని మీకు తెలుసు. పీహెచ్ 7 దగ్గర ఆ భాగం ఒక్క శాతం కూడా ఉండదు. సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4. అక్కడ అది ఎన్నో రెట్లు ఎక్కువ. చెరువులో అయితే బురద, నాచు, అంత నీరు కలిసి దాన్ని సర్దుకుంటాయి. తొట్టిలో ఆ పని చేయాల్సింది రాళ్లమీద, ఇసుకలో పెరిగే బ్యాక్టీరియా మాత్రమే. అది పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చేపలు లేకుండానే దాన్ని పెంచండి. తొట్టిలో రాళ్లు పేర్చి, ఉప్పునీళ్లు నింపి, పంపులు నడుపుతూ అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దాకా తీసుకురండి. రెండు మూడు రోజులకోసారి టెస్ట్ కిట్‌తో చూడండి. మొదట అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ తగ్గి నైట్రేట్ మిగులుతుంది. మళ్లీ 2 పీపీఎం వేసినా 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్లు. ఈలోగా ఇసుకమీద గోధుమరంగు పొర పడుతుంది. అది డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు, టెన్షన్ పడకండి, దానంతటదే పోతుంది. ఒక్క మాట: చెరువులో నీళ్లు పచ్చబడాలని ఎరువు వేస్తాం. ఇక్కడ అలాంటిదేదీ వేయొద్దు.

ఇక ఉప్పు. వంట ఉప్పు, కల్లుప్పు పనికిరావు. సముద్రపు లవణాల్లో సోడియం, క్లోరైడ్ కలిసి 85 శాతం దాకా ఉంటాయి. మిగతా భాగంలో సల్ఫేట్, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వంటివి ఉంటాయి. అవి సరైన పాళ్లలో ఉండాలి. అందుకని అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు మిశ్రమమే వాడండి. లీటరుకు 35 నుంచి 38 గ్రాములు పడుతుంది. మీ తొట్టి కొలత ప్రకారం 680 లీటర్లు, రాళ్లు ఇసుక పోగా 600 లీటర్లు అనుకుంటే మొదటిసారికే 21 నుంచి 23 కిలోలు కావాలి. కలిపే నీళ్లు ఆర్‌ఓ తర్వాత డీఐ (మిగిలిన లవణాలను కూడా తీసేసే ఫిల్టర్) కూడా దాటి, టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) సున్నా చూపించాలి. సెలైనిటీ (ఉప్పుదనం) 35 పీపీటీ, అంటే వెయ్యి భాగాలకు 35, స్పెసిఫిక్ గ్రావిటీ 1.025–1.026 ఉండేలా ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి. దాన్ని మంచినీళ్లతో కాకుండా 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణంతో సరిచూసుకోండి. ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీలు.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. 600 లీటర్లలో 30 లీటర్లు ఆవిరైతే 35 పీపీటీ కాస్తా 37కు దగ్గరవుతుంది. తగ్గిన నీళ్లను రోజూ మంచినీళ్లతోనే నింపాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరుగుతూనే పోతుంది.

తొట్టి కట్టించే ముందు నేల సంగతి చూసుకోండి. నీళ్లే 700 కిలోలు. గాజు, రాళ్లు, ఇసుక, స్టాండ్ కలిపితే టన్నుకు దగ్గర. పైఅంతస్తు అయితే ఇంజనీరును అడగకుండా పెట్టొద్దు. తొట్టికింద సంప్ పెట్టించుకోండి, అంటే పై తొట్టి నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే చిన్న తొట్టి. అందులో ప్రొటీన్ స్కిమ్మర్, హీటర్ ఉంటాయి. గది వేడెక్కే చోట నీళ్లను చల్లబరిచే చిల్లర్ కూడా కావాలి. స్కిమ్మర్ సన్నని గాలిబుడగలతో నీళ్లలోని మలినాన్ని నురగగా పైకి తెస్తుంది. కప్పులో చేరే ఆ ముదురు గోధుమరంగు నీళ్లు ఒక్కసారి వాసన చూస్తే అది ఎంత పని చేస్తోందో మీకే తెలుస్తుంది. కరెంటు పోతే పై తొట్టి నీళ్లు పైపులగుండా సంప్‌లోకి దిగుతాయి. మీ తొట్టిలో మట్టం రెండు సెంటీమీటర్లు దిగినా 20 లీటర్లకు పైనే. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే ఆ నీళ్లు గదిలోకి వస్తాయి. కాబట్టి చేపలు రాకముందే కావాలని పంపు ఆపి చూడండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కూడా ఒకటి ఉంచండి. ఒకే ఉష్ణోగ్రతలో ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే దాదాపు ఐదో వంతు తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి. డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మీ జాబితా. నిజానికి తొట్టికంటే ముందు రాయాల్సింది ఇదే. ప్రతి చేప పేరు పక్కన అమ్మేటప్పటి సైజు కాదు, పెరిగాక వచ్చే సైజు రాయండి. బ్లూ టాంగ్ చేతిలో ఇమిడేంత పిల్లగా దొరుకుతుంది, 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. రోజంతా ఈదే చేప అది. మీ ఆరడుగుల తొట్టి దానికి కనీస కొలత అనుకోండి, ఒక్కటికి మించి వద్దు. లయన్ ఫిష్‌ను జాబితా నుంచి తీసేయండి. నోట్లో పట్టే చేప ఏదైనా మింగేస్తుంది, క్లౌన్‌లతో మొదలుపెడుతుంది. పైగా దాని ముళ్లలో విషం. మాండరిన్ అందం చూసి మనసు ఆగదు, నాకు తెలుసు. కానీ అది రాళ్ల సందుల్లో కోపెపాడ్ అనే సన్నని నీటి పురుగుల్ని రోజంతా ఏరుకు తింటుంది. కొత్త తొట్టిలో అవి ఉండవు. మిగతా చేపలన్నీ కడుపునిండా తింటున్న తొట్టిలోనే మాండరిన్ పొట్ట లోపలికి పీక్కుపోయి, ఎముకలు తేలి చనిపోవడం నేను చూశాను. ఏడాది తర్వాత, రాళ్లమీద కోపెపాడ్‌లు కళ్లకు కనిపించేటప్పుడు ఆలోచించండి.

క్లౌన్‌ల జతతో మొదలుపెట్టండి. హేచరీలో పుట్టినవే తీసుకోండి, మేత త్వరగా అందుకుంటాయి. అన్నీ మగవిగానే పెరుగుతాయి, జతలో పెద్దది ఆడగా మారుతుంది. అందుకే ఒకటి చిన్నది, ఒకటి పెద్దది ఎంచుకుంటే గొడవ ఉండదు. తర్వాత ఫైర్‌ఫిష్, రాయల్ గ్రామా, కార్డినల్ వంటి నెమ్మదైన చేపలు. ఆ తర్వాత ఒక ఫెయిరీ రాస్. టాంగ్‌లు చివరగా. ముందు వచ్చిన టాంగ్ తొట్టి మొత్తం తనదే అనుకుంటుంది, కొత్తగా వచ్చినవాటిని బతకనివ్వదు. డామ్‌సెల్ చేపలు చవక, గట్టి ప్రాణం అని మొదట వేయమంటారు. వేయకండి, తర్వాత వాటిని పట్టాలంటే రాళ్లన్నీ తీయాలి. ఫైర్‌ఫిష్, రాస్ ఎగిరి బయట పడతాయి, పైన వల మూత తప్పదు. ఎల్లో టాంగ్‌ను 2015లో హవాయిలో, బ్లూ టాంగ్‌ను 2016లో ఫ్లోరిడాలో మొదటిసారి హేచరీలో పెంచగలిగారు. అలాంటివి దొరికితే వాటికే ప్రాధాన్యం ఇవ్వండి. సముద్రంలో సైనైడ్ చల్లి పట్టిన చేప చూడ్డానికి బాగానే ఉండి కొన్ని వారాలకు చనిపోవచ్చు. కొనేముందు మీ ఎదుట మేత వేయించి, తింటేనే తీసుకోండి.

కొన్న ఏ చేపా నేరుగా పెద్ద తొట్టిలోకి వెళ్లకూడదు. ఇది గట్టిగా చెప్తున్నాను. 80–100 లీటర్ల వేరే తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు చాలు. స్పాంజ్‌ను ముందే పెద్ద తొట్టి సంప్‌లో ఉంచి బ్యాక్టీరియా పట్టించండి. నెలరోజులు అందులోనే ఉంచి గమనించండి. నేను ఒకసారి ఆరోగ్యంగా కనిపించిందని ఒక టాంగ్‌ను క్వారంటైన్ లేకుండా వేశాను. వారానికి రెక్కలమీద ఉప్పు గింజలు అంటుకున్నట్లు మచ్చలు. నాలుగు రోజులకు మాయమయ్యాయి, తగ్గిందనుకున్నాను. రెండో విడతలో అన్ని చేపలమీదా వచ్చాయి. ఒక్కటే మిగిలింది.

దీన్నీ తెల్లమచ్చ అనే అంటారు గానీ రొయ్యల తెల్లమచ్చ వైరస్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇది క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి. కొన్ని రోజులు చేపమీద ఉండి, రాలి, అడుగున గుడ్డులాంటి తిత్తిగా మారి, అందులోంచి వందల పిల్లలు వచ్చి మళ్లీ చేపల్ని పట్టుకుంటాయి. మచ్చ మాయమైందంటే జబ్బు తగ్గినట్లు కాదు. అందుకు రాగి మందు ఉంది. దాన్ని క్వారంటైన్ తొట్టిలోనే, మందు పెట్టెమీద రాసిన మోతాదులో, రాగి టెస్ట్ కిట్‌తో కొలుస్తూ వాడాలి. చెరువులో నాచుకు వాడే కాపర్ సల్ఫేట్ చేతిలో ఉంది కదా అని పెద్ద తొట్టిలో వేయకండి. రొయ్యలు, నత్తలు చస్తాయి, రాళ్లు రాగిని పీల్చుకుంటాయి. పెద్ద తొట్టిలోకి జబ్బు వస్తే చేపలన్నిటినీ బయటికి తీసి దాన్ని కనీసం ఆరు వారాలు, వీలైతే 76 రోజులు చేపల్లేకుండా నడపాలి.

సంచి విప్పే విషయంలో జాగ్రత్త. చాలాసేపు ప్రయాణం చేసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది, దానివల్ల లోపలి అమ్మోనియా అంతగా హాని చేయదు. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి సంచి కట్టి ఉండగానే 15–20 నిమిషాలు నీళ్లమీద తేలనివ్వండి. అమ్మేవారి నీళ్ల సెలైనిటీ ముందే అడిగి క్వారంటైన్ తొట్టిని దానికి సరిపెట్టి ఉంచండి. విప్పగానే చేపను మెల్లగా తీసి వేయండి, సంచి నీళ్లు పోయొద్దు. సెలైనిటీని తర్వాత కొన్ని రోజుల్లో నెమ్మదిగా పెంచండి.

మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంత. టాంగ్‌లకు సముద్రపు నాచు అట్టలు రోజూ ఉండాలి. రెండు వారాలకోసారి పది నుంచి పదిహేను శాతం నీళ్లు మార్చండి. ఉప్పును ముందురోజే వేరే డ్రమ్ములో పంపు పెట్టి కలపండి.

తొట్టిలో నీళ్లు నింపిన రోజు నుంచి అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, సెలైనిటీ ఒక నోటుబుక్కులో రాస్తూ ఉండండి. ఆరో వారం రీడింగులు, సరిచేసిన చేపల జాబితా కలిపి పంపితే, క్లౌన్‌ల జత కొనే ముందు చూసి చెప్తాను.