నవల విడుదలైన నెల చూసి ఉద్యోగం వదలొద్దు

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో ఉపసంపాదకుడిని. చేరి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. చేతికొచ్చే జీతం రూ.48,000. రాత్రి ఎడిషన్ పని అయ్యాక ఇంటికి వచ్చి కలం పేరుతో ఆంగ్లంలో గే ప్రేమ నవలలు రాస్తాను. రచయితలు సొంతంగా పుస్తకాలు ప్రచురించుకునే అమెజాన్ వేదిక కేడీపీలో ఐదు ఉన్నాయి. నిరుడు రాయల్టీ రూ.3.4 లక్షలు. పొదుపు రెండు లక్షలు. నా సహచరుడు, నేను కలిసి ఉంటున్నాం. ఉద్యోగం మానేసి పూర్తిగా రాసుకోవచ్చా? ఈ రాతల సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

జవాబు: మానేయవచ్చు, కానీ ఇప్పుడు కాదు. మీరు పంపిన పట్టికలో కొత్త నవల వచ్చిన నెల రాయల్టీ రూ.71,000. మూడు నెలలు తిరిగేసరికి రూ.14,000. అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెల రూ.9,400. కొత్త పుస్తకమేదీ లేనప్పుడు పాతవి తెచ్చిపెట్టే ఆ రూ.9,400 మీద మాత్రమే ఇంటి లెక్క వేయండి. మీ వంతు ఖర్చు నెలకు రూ.42,000 అన్నారు. పాత పుస్తకాలే అందులో సగం, అంటే రూ.21,000 తెచ్చేదాకా, ఏడాది ఖర్చు దాదాపు రూ.5 లక్షలు బ్యాంకులో చేరేదాకా డెస్కు వదలకండి. రాయల్టీని జీతం ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో వేస్తే ఆ మొత్తం తొందరగానే కూడుతుంది.

ఇంకో నాలుగు నెలలైతే ఎలాగూ ఆగాలి. మిగతా ఉద్యోగులకు అయిదేళ్లకు వచ్చే గ్రాట్యుటీ అర్హత పాత్రికేయులకు మూడేళ్లకే వస్తుంది. ఈలోగా నియామక పత్రం తీసి, బయట రాయడానికి అనుమతి కావాలన్న షరతు ఉందేమో చదవండి. ఆఫీసు కంప్యూటర్‌లో నవల ఒక్క పేజీ కూడా రాయకండి. నవలల హక్కు మీదే. దాని మీద వివాదానికి తావివ్వకూడదు.

జీతం, రాయల్టీ కలిపినా రూ.12 లక్షలు దాటవు కాబట్టి కొత్త ఆదాయపు పన్ను విధానంలో మీకు పన్ను పడదు. రాయల్టీని రిటర్నులో మాత్రం తప్పక చూపండి. పన్ను కోసమైతే దాని సంగతి ఆఫీసుకు చెప్పాల్సిన పని లేదు. అమెరికా అమ్మకాల మీద అక్కడే పన్ను కోస్తారు. కేడీపీ ఖాతాలో పాన్ ఇచ్చి, రెండు దేశాల ఒప్పందం కింద మినహాయింపు కోరితే అది 15 శాతం, లేకపోతే 30. ఇక్కడ పన్నే లేనప్పుడు అక్కడ పోయింది తిరిగి రాదు. ఇవాళే చూసుకోండి.

ఆఫీసు ఆరోగ్య బీమా రాజీనామాతో పోతుంది. ముందునుంచి ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే ఉద్యోగంలో ఉండగానే ఇద్దరూ చెరొక పాలసీ తీసుకోండి.

మీరు అడగని విషయం ఒకటుంది. నాకు అన్నిటికన్నా దిగులు దాని గురించే. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023 అక్టోబరు 17న మాత్రం పెళ్లి హక్కు ఇవ్వలేదు. అంటే మీకేమైనా అయితే చట్టం దృష్టిలో మీ సహచరుడు వారసుడు కాడు. ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఆయనను నామినీగా రాయడానికి అడ్డేమీ లేదని ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. ఆ రెండూ చేయండి. కానీ బ్యాంకు డబ్బుకు నామినీ అంటే తీసుకుని వారసులకు అప్పజెప్పే మనిషే. మీరు ఆయనకే దక్కాలనుకున్నది ఆయనకు దక్కాలంటే వీలునామా కావాలి.

కలం పేరుతో వచ్చిన పుస్తకానికి ప్రచురణ తర్వాత 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆ గడువులోగా రచయిత ఎవరో వెల్లడైతే ఆయన పోయాక 60 ఏళ్లు ఉంటుంది. కాపీరైట్ కూడా ఆస్తే. వీలునామాలో అయిదు నవలల పేర్లు, కలం పేరు, అది మీరేనన్న మాట, కేడీపీ ఖాతా వివరం రాయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు. సహచరుడు సాక్షిగా ఉండకూడదు. సాక్షులు లోపలి విషయం చదవనక్కర్లేదు, మీరు సంతకం చేయడం చూసి తామూ సంతకం పెడితే సరిపోతుంది. డెస్కులో పక్క సీటు మిత్రుడిని పిలిచినా మీ కలం పేరు బయటపడదు.