ఇంటి నుంచే ఉద్యోగం కదా అని ఉన్నదంతా ఫ్లాట్‌లో పోయకండి

ప్రశ్న: హైదరాబాద్ కంపెనీకి రెండేళ్లుగా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. చేతికొచ్చే జీతం 1.10 లక్షలు. అద్దె 26,000, ఇంటి ఖర్చు 32,000. సొంతూరు కాకినాడలో 60 లక్షల ఫ్లాట్ చూశాం. ఎఫ్‌డీలో 10 లక్షలున్నాయి. తగ్గే 10 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకుని కొనేసి, వేసవిలో మారిపోదామనుకుంటున్నాం. మీరేమంటారు?

జవాబు: వద్దంటాను. ఇంటి నుంచి పని కంపెనీ ఇచ్చిన వెసులుబాటు, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. 20 ఏళ్ల ఈఎంఐ మీరు రాసిచ్చిన బాకీ. ఈ రెంటినీ ఒకే గాటన కడుతున్నవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

లెక్క చూడండి. ఈ స్థాయి గృహరుణానికి ఆర్‌బీఐ పరిమితి ఆస్తి విలువలో 80 శాతం, అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు మీరే పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, ఇంకో 4.5 లక్షలు. దీనికి బ్యాంకు రుణం రాదు. ఉడ్‌వర్క్‌కు 3.5 లక్షలు వేస్తే మొత్తం 20 లక్షలు. గృహప్రవేశం నాటికి ఖాతాలో సున్నా.

8.5 శాతం వడ్డీకి గృహరుణం ఈఎంఐ సుమారు 41,650. 13 శాతానికి ఐదేళ్ల పర్సనల్ లోన్ మీద 22,750. ఇంటి ఖర్చు పోగా మిగిలేది 13,600. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మని మెయిల్ వచ్చిందనుకోండి, హైదరాబాద్‌లో గది, భోజనం, గౌతమి ఎక్స్‌ప్రెస్ టికెట్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి.

అసలు మార్జిన్ మనీకి, అంటే మన జేబులోంచి పెట్టాల్సిన వాటాకు, అప్పు చేయడమేమిటి? పర్సనల్ లోన్ ముందే తీసుకుంటే సిబిల్‌లో, అంటే మీ అప్పుల రికార్డులో, కనబడి గృహరుణ అర్హత తగ్గుతుంది. శాంక్షన్ అయ్యాక తీసుకోమని ఎవరో చిట్కా చెప్పే ఉంటారు. చెక్కు ఇచ్చేముందు బ్యాంకు సిబిల్ రిపోర్టు మళ్లీ చూసి రుణం కోసేస్తే, అప్పటికే బిల్డర్‌కిచ్చిన అడ్వాన్సు ఇరుక్కుంటుంది. బంగారం తాకట్టు మాట కూడా ఎత్తకండి.

ఇంటికన్నా ముందు అత్యవసర నిధి. అందరికీ ఆరు నెలల ఖర్చు దాచమని చెబుతాను, మీకు తొమ్మిది నెలలది. ఈ ఉద్యోగం పోతే ఇదే జీతానికి కాకినాడలో ఇంకోటి దొరకడం కష్టం. మళ్లీ హైదరాబాద్‌కో బెంగళూరుకో సామాను ఎత్తాలి, అక్కడ అడ్వాన్సు కట్టాలి. కంపెనీ గ్రూప్ హెల్త్ పాలసీ కూడా ఉద్యోగంతోనే పోతుంది, కాబట్టి సొంత ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా, ఇప్పుడే తీసుకోండి. ఈఎంఐతో కలిపి నెలకు 74,000 చొప్పున నిధి 6.66 లక్షలు కావాలి. రుణానికి సరిపడా టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు ఇచ్చే జీవిత బీమా) విడిగా కొనండి, బ్యాంకు అంటగట్టేది వద్దు.

ముందు కాకినాడలో 11 నెలలు అద్దెకుండండి. అద్దె 12,000 అయితే నెలకు 60,000 దాచగలరు. ఫ్లాట్ 45 లక్షల్లో చూసుకుంటే ఏడాదిన్నరలో నిధితో సహా కూడుతుంది.

అద్దె ఇల్లు ఖాయం చేసేముందు రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ ఆ భవనం దాకా వచ్చిందో లేదో చూడండి. రౌటర్‌ను ఇన్వర్టర్ లైన్ మీద పెట్టించండి, లేకపోతే లాప్‌టాప్‌లో చార్జింగ్ ఉన్నా కరెంటు పోగానే కాల్ తెగుతుంది. మీరు పనిచేసే ఊరు కాకినాడ అని, దానివల్ల జీతం మారదని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ తీసుకోండి. అది చేతికొచ్చేదాకా బిల్డర్‌కు టోకెన్ కూడా ఇవ్వకండి.