వెడల్పు తెర కొనబోయే ముందు: వీఏనా, ఐపీఎస్సా?

ఈ ఏడాది ఆగస్టులో రాజాం నుంచి మా మేనల్లుడు ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వచ్చాడు. మూడు వారాలు తిరగకుండానే వాడు అడిగిన మొదటి పెద్ద సందేహం క్రెడిట్ కార్డు గురించీ కాదు, డ్రైవింగ్ లైసెన్సు గురించీ కాదు. "మావయ్యా, మూడొందల డాలర్లలో అల్ట్రావైడ్ మానిటర్ ఏటి కొనమంటావు?" అన్నాడు. పద్నాలుగేళ్లుగా ఇక్కడ ఉంటూ మూడు వెడల్పు తెరలు కొని, వాటిలో ఒకదాన్ని తప్పుగా కొన్నవాణ్ణి కనుక ఆ రోజు వాడికి చాలాసేపే చెప్పాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చే మిగిలిన పిల్లలూ ఇదే అడుగుతున్నారు కాబట్టి ఆ జవాబును ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ తెరల ప్యానెళ్లలో, అంటే బొమ్మ కట్టే పలకల్లో, వీఏ, ఐపీఎస్ అని రెండు ముఖ్యమైన రకాలున్నాయి. వీఏ చవక, ఐపీఎస్ మంచిది అని ఎవరో సీనియర్ వాడికి ముందే చెప్పాడట. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, మొదట తేల్చుకోవలసిన సంగతి అది కాదు. తెర మీద ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నాయి, మీ లాప్‌టాప్ అన్ని చుక్కలను మోయగలదా అన్నవి తేలాకే ప్యానెల్ రకం గురించి ఆలోచించాలి.

మామూలు మానిటర్ వెడల్పు, ఎత్తు 16:9 నిష్పత్తిలో ఉంటే అల్ట్రావైడ్‌లో అది 21:9. 34 అంగుళాలనగానే పెద్ద టీవీలా ఊహించుకోకండి. దాని ఎత్తు 27 అంగుళాల మామూలు మానిటర్ ఎత్తుతో ఇంచుమించు సమానం, పెరిగేది పక్కలకే. ఈ సైజులో తక్కువ ధరకు దొరికేవి రెండు రకాలు: 2560 × 1080 చుక్కలవి, 3440 × 1440 చుక్కలవి. నేను 2015లో కొన్నది మొదటి రకం. పెట్టె మీద 34 అన్న అంకె చూసి మురిసిపోయానే గానీ చుక్కల లెక్క చూడలేదు. అంగుళానికి 82 చుక్కలే పడడంతో 'ణ', 'ఋ' లాంటి అక్షరాల ఒంపులు మెట్లు మెట్లుగా కనిపించేవి. తెలుగు పేపరు చదవాలంటే తెరకు ఆమడ దూరం జరగవలసి వచ్చేది. పొందూరు ఖద్దరు ఎరిగినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు: పంచె కొలత ఒకటే అయినా నూలు కౌంటు తగ్గితే నేత ముతకవుతుంది. 3440 × 1440 తెరలో అంగుళానికి 110 చుక్కలు పడతాయి కనుక అక్షరం నున్నగా నిలుస్తుంది. 2560 × 1080 తప్పదనుకుంటే 29 అంగుళాలకు మించి వెళ్లకండి. అక్కడ 96 చుక్కలు పడతాయి, పరవాలేదు. నా మొదటి తెరను ఏడాది తిరగకుండానే సగం ధరకు పాత రూమ్మేటుకు ఇచ్చేశాను. సినిమాలు చూసుకోవడానికే కదా అని అతను సంతోషంగానే పట్టుకెళ్లాడు.

చుక్కలు పెరిగితే గ్రాఫిక్స్ కార్డు మీద బరువూ పెరుగుతుంది. మీ లాప్‌టాప్ తెర 1920 × 1080 అయితే అందులో దాదాపు 21 లక్షల చుక్కలుంటాయి. 3440 × 1440లో సుమారు 50 లక్షలు, అంటే రెండున్నర రెట్లకు దగ్గర. ఊళ్లో కొని తెచ్చుకున్న ఆర్‌టీఎక్స్ 4060 తరగతి గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్‌లో భారీ ఆటను అన్ని సెట్టింగులూ పైకి నెట్టి ఆడాలనుకుంటే అది 144 హెర్ట్జ్‌ను, అంటే సెకనుకు 144 బొమ్మల వేగాన్ని, అందుకోలేదు. సెట్టింగులు కొంత దించి, డీఎల్ఎస్ఎస్ (తక్కువ చుక్కల్లో బొమ్మ గీసి దాన్ని పెద్దది చేసే ఏర్పాటు) పెట్టుకుంటే సాఫీగా నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డే లేని లాప్‌టాప్ అయితే గేమింగ్ మానిటర్‌కు పెట్టే డబ్బును అట్టిపెట్టుకోవడం మేలు.

చాలామంది మోసపోయేది కేబుల్ దగ్గర. హెచ్‌డీఎంఐ 2.0 ద్వారా 3440 × 1440 తెర 100 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. 144, 165 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ 1.4 అనే వేరే రకం పోర్టు గానీ హెచ్‌డీఎంఐ 2.1 గానీ ఉండాలి. లాప్‌టాప్‌లో డిస్‌ప్లేపోర్ట్ రంధ్రం విడిగా లేకపోయినా టైప్-సీ పోర్టు ఆ పని చేయవచ్చు, కాకపోతే అన్ని టైప్-సీ పోర్టులూ వీడియో పంపవు కనుక మోడల్ వివరాల్లో చూసుకోవాలి. అంతా సరిగ్గా తగిలించాక విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగుకు వెళ్లి రిఫ్రెష్ రేటును చేత్తో మార్చాలి. మా వీధిలో ఒకాయన 165 హెర్ట్జ్ మానిటర్ కొని ఎనిమిది నెలలు 60లోనే ఆడుకున్నాడు. తేడా ఏమీ లేదని నాతో వాదించాడు కూడా.

ఇక ప్యానెల్. ఎల్‌సీడీ తెర వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాని ముందున్న ద్రవస్ఫటికాలు తలుపు రెక్కల్లా ఆ వెలుగును ఆపుతూ, వదులుతూ బొమ్మ కడతాయి. వీఏ రకంలో విద్యుత్తు అందనప్పుడు స్ఫటికాలు తెరకు లంబంగా నిలబడతాయి, ఆ స్థితిలో వెలుగుకు గట్టిగా అడ్డు పడుతుంది. అందుకే దాని కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా, సాధారణంగా 3000:1 వరకూ, కొన్నింటిలో ఇంకా పైకీ ఉంటుంది. ఐపీఎస్‌లో అవి తెరకు సమాంతరంగా పడుకుని, పడుకున్నచోటే తిరుగుతాయి. దానివల్ల ఏ పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదు గానీ, మూసిన తలుపు సందుల్లోంచి వచ్చినట్టు కాస్త వెలుగు కారుతూనే ఉంటుంది. కాంట్రాస్ట్ 1000:1 దగ్గర ఆగుతుంది. ఐపీఎస్ బ్లాక్ అని 2000:1 ఇచ్చే రకం ఒకటి వచ్చింది, అది మన మూడొందల డాలర్ల లెక్కలోకి రాదు. టీఎన్ అనే పాత రకం ప్యానెల్ ఈ సైజులో కనబడడం తక్కువ, కనబడినా వదిలేయండి.

ఈ మాటలన్నీ చెప్తే మావాడు తలూపాడు గానీ ముఖంలో నమ్మకం కనబడలేదు. అందుకని ఒక శనివారం రాత్రి పక్కింటివారి వీఏ మానిటర్‌ను అడిగి తెచ్చి, నా ఐపీఎస్ పక్కన భోజనాల బల్ల మీద పెట్టి, ఇంట్లో దీపాలన్నీ ఆర్పేశాను. మొదట గుహలో నడిచే ఆట పెట్టాము. వీఏ తెరలో గుహ గోడా, మానిటర్ అంచూ, గదిలో చీకటీ ఒకటైపోయాయి. కాగడా వెలుగు పడినంత మేరే కంటికి ఆనింది. ఐపీఎస్ తెరలో అదే గుహ బూడిద పూసినట్టుంది, కింది మూలల్లో పొద్దు పొడిచే ముందటి లేత వెలుగు. "ఇంకేటి మావయ్యా, ఇదే కొనేద్దుము" అన్నాడు. ఆగమని చెప్పి, నల్లటి నేపథ్యం మీద ముదురు బూడిదరంగు అక్షరాలున్న పేజీ ఒకటి తెరిచి, మౌస్ చక్రం గబగబా తిప్పాను. ఐపీఎస్‌లో వాక్యాలు వాక్యాలుగానే కదిలాయి. వీఏలో ప్రతి అక్షరం వెనకా ఆరని సిరా మీద వేలు ఈడ్చినట్టు నల్లటి చార పాకింది. వాడు కుర్చీ ముందుకు లాక్కుని తన చేత్తో మళ్లీ మళ్లీ తిప్పి చూశాడు.

దీనికి కారణముంది. వీఏ స్ఫటికాలు కటిక నలుపు నుంచి కొంచెం తక్కువ నలుపుకు మారడానికే ఎక్కువ సమయం తీసుకుంటాయి. 144 హెర్ట్జ్ వద్ద ఒక్కో ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు, దొరికేది 7 మిల్లీసెకన్ల లోపే కాబట్టి, ఆ మార్పు పూర్తికాకముందే తరువాతి ఫ్రేము వచ్చి పడుతుంది. పెట్టె మీద '1 మిల్లీసెకను' అని పెద్దక్షరాలతో ఉన్నా ఈ చార పోదు. ఆ అంకె తరచుగా వెనక దీపాన్ని ఆర్పి వెలిగించి కొలిచినదో, అన్ని మార్పుల్లోకీ అతి వేగమైనదో అయి ఉంటుంది. ఆటలో ఫ్రేముల వేగం ఎక్కువ తక్కువలవుతున్నప్పుడు కొన్ని వీఏ తెరలు చీకటి దృశ్యాల్లో మిణుకుమంటాయి కూడా. అయితే చవక వీఏలన్నీ ఒక్కలా ఉండవు, ఒకే ధరలో చార బాగా తక్కువగా ఉన్నవీ దొరుకుతాయి. ఆ మోడల్‌ను కొలిచి రాసిన సమీక్ష చదవకుండా కొనకండి.

ఆ రాత్రే మా అక్క పంపిన సిరిమానోత్సవం వీడియో కూడా పెట్టాము. ఎదురుగా కూర్చున్న నాకు రెండు తెరలూ బాగానే ఉన్నాయి. పక్కన కూర్చున్న మా ఆవిడకు వీఏలో జనం చొక్కాల రంగులన్నీ వెలిసిపోయినట్టు కనిపించాయట. గదిలో నలుగురుండి, ఒకే తెర మీద క్రికెట్టూ సినిమాలూ చూసుకునేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. ఒంటరిగా, ఎదురుగా కూర్చుని ఆడేవాడికి దీనితో పని లేదు.

కాబట్టి నా తీర్పు ఇది. రోజులో ఎక్కువ గంటలు కోడు, అసైన్‌మెంట్లు, మీటింగులతో గడిచి, ఆట అప్పుడప్పుడైతే ఓ వంద డాలర్లు ఎక్కువైనా ఐపీఎస్ తీసుకోండి. పగలంతా క్యాంపస్‌లోనే ఉండి, రాత్రి దీపాలార్పి కథ ఉన్న ఆటలు ఆడేవారైతే మంచి సమీక్షలున్న వీఏ చాలు. తుపాకి ఆటల్లో పోటీపడేవాళ్లకు నేను వీఏ చెప్పను. అసలు వాళ్లకు అల్ట్రావైడే చెప్పను.

ఓఎల్ఈడీ సంగతీ అడుగుతారు. 2022లో 34 అంగుళాల క్యూడీ-ఓఎల్ఈడీ (ఓఎల్ఈడీలో ఒక రకం) గేమింగ్ మానిటర్ మొదటిసారి వచ్చినప్పటి నుంచి నాకూ మనసు లాగుతూనే ఉంది. అందులో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే ఆరుతుంది. నలుపు అంటే పూర్తి నలుపు, చార అన్నదే ఉండదు. ధర మాత్రం వీఏకు రెట్టింపు దాటుతుంది. పైగా టాస్క్‌బారులా కదలకుండా ఒకేచోట ఉండే బొమ్మ ఏళ్ల తరబడి నిలిస్తే దాని జాడ తెరపై ఉండిపోయే ప్రమాదముంది, సన్నటి అక్షరాల అంచుల్లో రంగు చార కూడా కొందరికి కనిపిస్తుంది. మొదటి ఉద్యోగం, మొదటి జీతం వచ్చాక చూసుకోవచ్చు.

వంపు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1500ఆర్ అంటే 1500 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న వృత్తంలో ముక్క అని అర్థం. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. వీఏకు వంపు ఉండడం మంచిదే, తెర చివరలు కూడా మీ వైపే తిరిగి ఉంటాయి. బల్లను మాత్రం టేపు పెట్టి కొలవండి. ఈ తెర వెడల్పు 32 అంగుళాలు, కాళ్లు మరో పది అంగుళాల లోతు తినేస్తాయి. 24 అంగుళాల లోతు లేని బల్ల మీద పెడితే తెర ముక్కుకు తగులుతుంది. వెలుగునీడలు మరింత బాగా చూపిస్తుందని చెప్పే హెచ్‌డీఆర్ 400 అన్న ముద్ర చూసి ఒక్క డాలరు కూడా ఎక్కువ పెట్టవద్దు. ఆ స్థాయి మానిటర్లలో వెనక దీపాన్ని భాగాలుగా మసక చేసే ఏర్పాటు సాధారణంగా ఉండదు. ఆటలోని ఫ్రేముల వేగంతో తెర వేగాన్ని కలిపే ఎన్విడియా వారి జీ-సింక్ పేరుకూ అంతే: 2019 జనవరి నుంచి ఎన్విడియా కార్డులు అదే పని చేసే ఫ్రీసింక్ తరహా తెరలతోనూ పనిచేస్తున్నాయి.

కొన్నాక నిరాశపడకుండా ముందే తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వాలరెంట్, ఎల్డెన్ రింగ్ లాంటి ఆటల్లో రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. ప్లేస్టేషన్ 5 కూడా 21:9లో బొమ్మ ఇవ్వదు. సినిమాస్కోప్ సినిమాలు తెరనిండా చక్కగా పడతాయి గానీ, పట్టీలను వీడియోలోనే కలిపేసి ఎక్కించిన యూట్యూబ్ ప్రతి అయితే నాలుగు వైపులా నలుపు మిగిలి, బొమ్మ మధ్యలో తపాలా బిళ్లలా కూర్చుంటుంది. ఆఫీసు మీటింగులో స్క్రీన్ మొత్తం షేర్ చేశారా, అవతలివాళ్లకు చీమల బారు కనిపిస్తుంది; ఒక్క విండోనే షేర్ చేయండి.

ఇప్పుడు కొనడం. చూపించే ధరలో పన్ను ఉండదు. డల్లాస్‌లో 8.25 శాతం కలిపితే 300 డాలర్ల మానిటర్ 324.75 అవుతుంది. ధరలు తగ్గించి అమ్మే నవంబరులోని థాంక్స్‌గివింగ్ మరుసటి రోజు వరకూ ఆగగలిగితే ఆగండి. తిప్పి ఇచ్చే షరతులను ధరతో సమానంగా చూడండి: కాస్ట్‌కో దుకాణంలో కొన్న మానిటర్‌ను 90 రోజుల లోపు తిప్పి ఇవ్వవచ్చు, కాకపోతే సభ్యత్వం ఉండాలి, అది తెలిసినవాళ్లకు ఉంటే వాళ్ల వెంట వెళ్లండి. రెండో తెర కొన్నప్పుడు ఇరవై డాలర్లు కలిసొస్తాయని ఆన్‌లైన్ దుకాణంలో సరుకు పెట్టి అమ్ముకునే ఎవరో బయటి విక్రేత దగ్గర తీసుకున్నాను. మధ్యలో ఎర్రచుక్క ఒకటి ఆరకుండా వెలుగుతోందని తిప్పి పంపబోతే, అంత పెద్ద పెట్టెకు రవాణా ఖర్చు నాదేనన్నారు. అరవై డాలర్లు వదిలాయి. ఎవరో తిప్పి ఇచ్చిన, డబ్బా తెరిచిన సరుకును దుకాణానికే వెళ్లి, అక్కడే తగిలించి, తెల్లటి తెరా నల్లటి తెరా రెండూ చూసి తీసుకుంటే మంచి బేరమే. ఎప్పటికైనా ఇండియాకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే అడాప్టర్ మీద 100-240 వోల్టులని ఉందో లేదో చూడండి. విద్యుత్తు సరిపోయినా వారంటీ సాధారణంగా అక్కడ చెల్లదు.

మావాడు నవంబరు దాకా ఆగి, 34 అంగుళాల వీఏనే కొన్నాడు. రాత్రి పదకొండు దాటాకే వాడికి ఆట, అదీ దీపం ఆర్పి. అక్షరాల వెనక చార సంగతి అడిగితే కోడు రాసే విండోను తెల్ల నేపథ్యానికి మార్చుకున్నానన్నాడు. 90 రోజులు అయ్యేవరకూ పెట్టెనూ థర్మాకోలునూ పారేయవద్దని చెప్పాను. ముగ్గురుండే గదిలో చోటు లేదని అవి రెండూ మా గరాజ్‌లో, లాన్‌మోవర్ మీద ఉన్నాయి.