−10ని ఆధారంగా తీసుకుని రాసిన సంఖ్య ధనమా, రుణమా? 9, 11 సూత్రాల మాటేమిటి?

మీరు అడిగినవి రెండు: −10ని ఆధారంగా తీసుకుని, అంటే కుడి నుంచి ఎడమకు ప్రతి స్థానం విలువ ముందుదానికి −10 రెట్లు ఉండేలా, రాసిన పూర్ణసంఖ్య ధనమో రుణమో చూడగానే చెప్పగలమా, 9, 11 భాజనీయతా సూత్రాలు (మామూలు సంఖ్యల్లో 9కి అంకెల మొత్తం, 11కు అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసివేస్తూ చూడడం) అక్కడ పనికివస్తాయా అని. చూడగానే చెప్పగలం, సూత్రాలు కూడా పనికివస్తాయి, కాకపోతే 9ది 11కు, 11ది 9కి చెల్లుతుంది.

హనుమకొండలో హైస్కూలు పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను వేయిస్తంభాల గుడి శాసన సంవత్సరమైన 1163ను తీసుకుంటాను. దాన్ని −10తో భాగిస్తే భాగఫలం −116, శేషం 3. ఆ −116ను మళ్ళీ −10తో భాగించే చోట చాలామంది భాగఫలం 11, శేషం −6 అని వేసేస్తారు. శేషం 0 నుంచి 9 లోపే ఉండాలి కాబట్టి భాగఫలం 12, శేషం 4 అని రాయాలి. ఈ ఒక్క మెట్టు దాటితే మిగతాది సులువే: 12కు −1, శేషం 2, −1కి 1, శేషం 9, చివరి 1కి శేషం 1. శేషాలను కింది నుంచి పైకి చదివితే 19243. స్థాన విలువలు 10000, −1000, 100, −10, 1 కనుక 10000 − 9000 + 200 − 40 + 3 = 1163 అని సరిచూసుకోవచ్చు.

ఇక గుర్తు సంగతి. మూడంకెల సంఖ్యలో మొదటి అంకె కనీసం 100 ఇస్తుంది, దాని పక్కన ఉన్న అంకె 90కి మించి తీసివేయలేదు. అందువల్ల మూడంకెల సంఖ్యలన్నీ 10 నుంచి 909 వరకు, అయిదంకెలవి 910 నుంచి 90909 వరకు ఉంటాయి. అదే విధంగా రెండంకెలవి −1 నుంచి −90 వరకు, నాలుగంకెలవి −91 నుంచి −9090 వరకు. అంకెల సంఖ్య బేసి అయితే ధనం (లేదా సున్న), సరి అయితే రుణం. మైనస్ గుర్తు అవసరమే రాదు. ఈ హద్దులు ఎక్కడా ఒకదానిపై ఒకటి పడకుండా, మధ్యలో ఖాళీ లేకుండా అతుక్కోవడమే ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం.

−10ని 11తో భాగిస్తే శేషం 1 కనుక, ఇక్కడ అంకెల మొత్తం 11తో భాగిస్తే వచ్చే శేషాన్ని చెబుతుంది. 19243లో అంకెల మొత్తం 19. దాని శేషం 8, 1163కూ శేషం 8 యే. 9తో భాగిస్తే −10కీ −1కీ ఒకే శేషం వస్తుంది కాబట్టి కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసివేస్తూ పోవాలి: 3 − 4 + 2 − 9 + 1 = −7, అంటే శేషం 2; 1163కూ అంతే. 2, 5, 10 సూత్రాల్లో మార్పేమీ లేదు, ఒకట్ల స్థానం చూస్తే చాలు.

రుణ ఆధారాలను ఇటలీకి చెందిన విట్టోరియో గ్రున్‌వాల్డ్ 1885లోనే వివరించాడు. 1950లలో పోలండులో −2 ఆధారంగా పనిచేసే కంప్యూటర్లను కూడా తయారుచేశారు. అయితే చేత్తో కూడికలు చేయడానికి ఇది అంత హాయి కాదు. 7 + 5 వేస్తే 2 రాసి చేతిలో 1 ఉంచుకోవడం కుదరదు, ఎందుకంటే పక్క స్థానం విలువ −10. అక్కడ −1 కావాలి, దాన్ని 19గా రాయాలి, కనుక జవాబు 192 అవుతుంది.