ఎంఎస్‌లో మూత్రం ఆగకపోతే మాత్ర కంటే ముందు స్కానింగ్ అడగండి

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, అంటే మెదడు, వెన్నుపాములలో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) వచ్చిన నాలుగేళ్లకు మూత్రం ఆపుకోలేకపోతున్నామనీ, అందుకే నీళ్లు తగ్గించామనీ, మలబద్ధకమూ దాంపత్యంలో దూరమూ తోడయ్యాయనీ, ఇవన్నీ డాక్టరుకు ఎలా చెప్పాలనీ అడిగారు. పదకొండేళ్లుగా ఇదే జబ్బుతో ఉన్న స్త్రీగా నా అనుభవం రాస్తున్నాను.

ముందుగా, దయచేసి నీళ్లు తగ్గించకండి. విజయవాడ నుంచి హైదరాబాదుకు బస్సెక్కే రోజుల్లో నేనూ తెల్లవారుజాము నుంచి చుక్క నీరు ముట్టేదాన్ని కాదు. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని మరింత రేపుతుంది. నీరు చాలక గట్టిపడిన మలం దాన్ని పక్కనుంచి ఒత్తుతుంది.

వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతిన్నప్పుడు మూత్రాశయం నిండకుండానే బిగుసుకుని తొందరపెట్టవచ్చు, లేదా ద్వారం సరిగ్గా వదులు కాక మూత్రం లోపలే మిగిలిపోవచ్చు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు, పైకి మాత్రం రెండూ మాటిమాటికీ పరుగెత్తడంగానే కనిపిస్తాయి. నాకు మొదట ఒక వైద్యుడు ఏ కొలతా తీయించకుండానే మూత్రాశయాన్ని శాంతపరిచే మాత్ర రాశారు. నోరెండిపోయింది, మలబద్ధకం ముదిరింది, నెల తిరక్కుండానే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, జ్వరంతో కాళ్లు కదలకపోతే జబ్బు తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ భయపడ్డాం. ఇన్ఫెక్షన్ తగ్గాక కాళ్లు స్వాధీనంలోకి వచ్చాయి. ఆ తరువాత మరొకచోట, మూత్రానికి వెళ్లి వచ్చిన వెంటనే స్కానింగ్ చేస్తే, ఖాళీ అయిందని నేననుకున్న మూత్రాశయంలో 180 మిల్లీలీటర్లు మిగిలే ఉన్నాయి. అలా మిగిలేవారికి ఆ మాత్ర మిగులును ఇంకా పెంచవచ్చు, అందుకే ముందు కొలత కావాలి. 100 దాటితే చాలామందికి సన్నని గొట్టంతో తామే మూత్రం తీసుకోవడం నేర్పుతారు. మొదటిరోజు అద్దం పట్టుకున్న చేయి వణికి మూడుసార్లు తప్పిపోయింది. ఇప్పుడది ఐదు నిమిషాల పని.

మలవిసర్జనకు ఉదయం తిన్న అరగంటలోపు రోజూ కూర్చోండి, పేగులు సహజంగా కదిలే వేళ అది. ఇసబ్‌గోల్ వాడితే నీళ్లు బాగా తాగాలి.

స్పర్శ మొద్దుబారడం, స్త్రీలకు పొడిబారడం, పురుషులకు అంగస్తంభన కుదరకపోవడం ఈ జబ్బులో తరచుగా నరాల వల్లే వస్తాయి. నాకు ఇష్టం పోయిందని మావారు రెండేళ్లు లోలోపల కుమిలిపోయారు, నేను నోరు విప్పలేదు. కలయికకు ముందుగా మూత్రం తీసేసుకోవడం, నీటితో తయారైన జెల్ వాడడం మాకు మేలు చేశాయి. అంగస్తంభన కుదరని కొందరు పురుషులకు సిల్డెనాఫిల్ మాత్ర ఉపయోగపడవచ్చు, అయితే గుండెకు నైట్రేట్ మందులు వాడేవారు దాన్ని తీసుకోకూడదు.

డాక్టరు ముందు మాట పెగలకపోతే రాసి ఇవ్వండి. నేనైతే ఎన్నిసార్లు వెళ్లాను, ఎంత పోశాను, ఎన్నిసార్లు తడిసింది అని మూడు రోజుల లెక్క రాసి, అడుగున “దాంపత్యంలోనూ ఇబ్బంది ఉంది” అని చేర్చి, ఆ కాగితం బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ చదివి, తలుపు వేసి రమ్మని నర్సుకు చెప్పి, మొదట ఆ చివరి వాక్యం గురించే అడిగారు.