కంటికి ఇంపుగా ఉంటే చాలదు

అమ్మాయీ,

ఆరోగ్య శాఖ వెబ్‌సైటు పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన పేజీలు చూశాను, కంటికి ఇంపుగా ఉన్నాయి. నా బెంగంతా అక్కడే.

పూర్వం నేనూ అలాంటి పేజీ ఒకటి చేశాను. పిల్లల టీకాల పట్టికను స్కాన్ చేసి బొమ్మగా పెట్టాను. ఒకరోజు చూపులేని ఒక తండ్రి నా పక్కన కూర్చుని తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడరుతో ఆ పేజీ విన్నారు. అది శీర్షిక చదివింది, పట్టిక దగ్గర "బొమ్మ" అని ఊరుకుంది, ఆ వెంటనే అడుగున ఉన్న ఫోను నంబరు చదివేసింది. "తొమ్మిదో నెలలో ఏ టీకా వేయించాలో ఇందులో ఉందా అండీ?" అని అడిగారాయన. ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి పట్టికను పట్టికగానే కట్టు. వరుసకు, నిలువుకు శీర్షికలు గుర్తించి పెడితే ప్రతి గడి ఏ నెలదో రీడరు చెబుతుంది. పేజీ తెలుగులో ఉందని కోడులో తప్పక రాయి. లేకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగును ఖూనీ చేస్తుంది, లేదా మొత్తం మింగేస్తుంది. యూనికోడ్ కాని పాత ఫాంటుల్లో టైపు చేసిన కరపత్రాలు ఇంకా మోసకారివి: చూపుకు తెలుగే, లోపల అర్థంలేని గుర్తులు. వాటిని మళ్లీ టైపు చేయించడం తప్ప దారి లేదు.

ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడరు ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పెట్టుకుని, తెర ఆపేసి, మౌస్ తీసేసి నీ అపాయింట్‌మెంట్ ఫారం నువ్వే నింపి చూడు. ఖాళీగా ఉన్న వేళలు ఆకుపచ్చ, నిండినవి ఎరుపు అని పెట్టావు. ఆ రెండు రంగుల తేడా తెలియని వాళ్లున్నారు, పక్కన మాట కూడా రాయి. నింపేది మనిషేనా అని తేల్చుకోవడానికి పెట్టిన వంకర అక్షరాల పరీక్ష తీసెయ్యి. చేతులు వణికే మనిషికి ఫారం నింపడానికి అయిదు నిమిషాల గడువు చాలదు, పొడిగించుకునే వీలు ఇవ్వు.

కొలతలకు 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 చూడు, వెబ్ పేజీలు అందరికీ అందేలా కట్టడానికి పెట్టిన ప్రమాణాలవి. వాటిలోని మూడు స్థాయిల్లో నడిమిదైన ఏఏ పట్టుకో. మామూలు అక్షరానికి, వెనక రంగుకు మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలి. నీ లేత బూడిద అక్షరాలు ఆ పరీక్షలో నెగ్గుతాయని నాకు నమ్మకం లేదు. తనిఖీ సాఫ్ట్‌వేర్ బొమ్మకు వివరణ లేదని పట్టుకుంటుంది గాని, ఉన్న వివరణ పనికిమాలినదని చెప్పలేదు. దానికి స్క్రీన్ రీడరు వాడే మనుషులే కావాలి. వాళ్లను పిలిచినప్పుడు పారితోషికం ఇప్పించు, ఊరికే చేయించుకోకు.

వీడియోల్లోని మాటలను అడుగున అక్షరాల్లో వేస్తావు, మంచిదే. పుట్టుకతో వినపడని చాలామందికి సైగల భాషే మొదటి భాష, ముఖ్యమైన వాటికైనా అది జోడించు.

అన్నిటికన్నా, అంటువ్యాధి రోజుల్లో జాగ్రత్త. ఎంత బాగా కట్టిన సైటయినా ఆ హడావిడిలో ఎవరో పోస్టరు ఫొటో ఎక్కించడంతో పాడవుతుంది. ప్రకటనలు పెట్టే సిబ్బందికి ముందే ఒక పూట నేర్పించు.

సోమవారం ఆ ఫారం లింకు పంపు. నేనూ మౌస్ పక్కన పెట్టి నింపి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న