జిగురు అని రాసి వదిలేయకు

చి. తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. "కణాల మధ్య జిగురు ఊడితే క్యాన్సర్ పాకుతుంది" అన్న మొదటి వాక్యం కొట్టేయ్. అది సగమే నిజం.

ఏ అణువు, ఏ కణం మీద ఉంది, దేన్ని పట్టుకుంటోంది? ఈ మూడూ తేలందే పేరా మొదలుపెట్టకు. ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ అణువునే చూడు. పక్కపక్క కణాల మీద ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. కాల్షియం లేకపోతే ఆ పట్టు నిలవదు. రొమ్ములో లోబ్యులర్ అనే రకం క్యాన్సర్‌కి సాధారణంగా ఇది ఉండదు. కణాలు గడ్డకట్టకుండా చీమలబారులా సాగుతాయి, అందుకే మామోగ్రామ్‌కి (రొమ్ము ఎక్స్‌రేకి) సులువుగా దొరకవు. ఇక్కడిదాకా నీ వాక్యం నిలుస్తుంది.

కానీ డక్టల్ అనే ఇంకో రకం రొమ్ము క్యాన్సర్లలో చాలావాటికి ఇ-క్యాడ్‌హెరిన్ ఉంటుంది, అయినా పాకుతాయి. 2019లో ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో దాన్ని తీసేస్తే కణాలు మరింత చొచ్చుకుపోయాయి గానీ, దూరపు అవయవాల్లో బతకలేక చచ్చాయి. "ఎలుకల్లో" అన్న మాట మాత్రం మింగేయకు. ఇంకోటి, లోబ్యులర్ కార్సినోమా ఇన్ సిటు అనే, చుట్టుపక్కలకి చొచ్చుకుపోని స్థితిలోనూ ఇ-క్యాడ్‌హెరిన్ పోతుంది, అయినా కణాలు ఉన్నచోటే ఉంటాయి. బయాప్సీ రిపోర్టులో "ఇ-క్యాడ్‌హెరిన్ నెగెటివ్" అని చూసినవాళ్లు నీ వ్యాసం చదువుతారు. అది క్యాన్సర్ రకాన్ని పోల్చుకోవడానికి చేసే పరీక్షేననీ, పాకిందన్న తీర్పు కాదనీ స్పష్టంగా రాయి. వాళ్ల నిద్ర నీ వాక్యం మీద ఆధారపడి ఉంటుంది.

రోగనిరోధకం దగ్గర, తెల్లకణం రక్తంలోంచి పుండుకి చేరే వరస తప్పావు. ముందు సెలెక్టిన్లనే అతికే అణువులు: పట్టు వదులు, తెల్లకణం రక్తనాళం గోడ మీద దొర్లుతుంది. తర్వాత కీమోకైన్ల (కణాలను పిలిచే చిన్న ప్రోటీన్ల) సంకేతం. అప్పుడు తెల్లకణం మీది ఇంటెగ్రిన్లనే అణువులు గట్టిగా పట్టేస్తాయి, కణం గోడలోంచి దూరి బయటపడుతుంది. సీడీ18 అనే ఇంటెగ్రిన్ భాగం లేకుండా పుట్టిన బిడ్డల రక్తంలో తెల్లకణాలు కిటకిటలాడుతుంటాయి, పుండులో మాత్రం చీము పట్టదు. మూడు వారాలు దాటినా బొడ్డు ఊడకపోవచ్చు. ఆ ఉదాహరణ ఒక్కటి చాలు, చిత్రపటం అక్కర్లేదు.

క్లోమ క్యాన్సర్‌లో రక్తపరీక్షతో కొలిచే సి.ఏ. 19-9 అనే గుర్తు కూడా, రక్తనాళం గోడ మీది ఇ-సెలెక్టిన్‌కి అతుక్కునే చక్కెర గొలుసే. తెల్లకణాల కోసం తెరిచిన దారినే క్యాన్సర్ కణమూ వాడుకోగలదని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

"ఈ అణువులను అడ్డుకుంటే చాలు" అన్న ముగింపు తీసేయ్. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి 2004లో అమెరికాలో అనుమతి పొందిన నటాలిజుమాబ్ అనే మందు తెల్లకణాల మీది ఆల్ఫా-4 ఇంటెగ్రిన్‌ని అడ్డుకుంటుంది. మెదడులోకి వెళ్లే కాపలా కణాలు తగ్గి, కొందరిలో మెదడుని దెబ్బతీసే జేసీ వైరస్ విజృంభించింది. 2005లో అమ్మకం ఆపి, 2006లో కట్టుబాట్లతో మళ్లీ అనుమతించారు.

తిరగరాసేటప్పుడు "జిగురు" అన్న ప్రతిచోటా అణువు పేరు పెట్టి చూడు. పెట్టలేని వాక్యాలు తీసేసి, మిగిలింది పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య